కాలువ సంఘంలో సాగు చేసేవాళ్లకు ఓటేది?

సంపాదకుల వారికి నమస్కారం.

2024 డిసెంబరులో మన రాష్ట్రంలో, కాలువ నీళ్లను రైతులే చూసుకోవడానికి పెట్టిన సాగునీటి సంఘాలకు, చాలాకాలం తర్వాత ఎన్నికలు జరిగాయి. ఏ సంఘానికి ఎవరు అధ్యక్షులయ్యారు, ఎక్కడ ఏకగ్రీవమైంది, ఎక్కడ గొడవైంది అన్న వార్తలన్నీ చదివాను. ఆ సంఘాలు అసలు ఎందుకు పుట్టాయో, ఎక్కడెక్కడి మాటలు కలిసి వాటి చట్టమైందో, అందులో ఏ మాట మన గట్టు దాకా వచ్చిందో, ఏది దారిలోనే ఆగిపోయిందో మాత్రం ఎవరూ రాయలేదు. ఆగిపోయిన మాట నాలాంటి వాళ్లకు సంబంధించింది. అందుకే ఉత్తరం కాస్త పొడుగైనా వేయమని అడుగుతున్నాను.

మాది కృష్ణా జిల్లా నాగాయలంక మండలం. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలోకి వచ్చే నీళ్లకు మేము శివారు ఆయకట్టు. మా పొలాల తర్వాత మురుగు కాలువ, ఆ తర్వాత ఉప్పు నేల, ఆపైన సముద్రం. మా ఆయన పేరున ఒక ఎకరం ఉంది. ఇంకో రెండెకరాలు కౌలుకు చేస్తున్నాం. ఆయనకు నడుము ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మడి పనంతా నా మీదే పడింది. నారు పోయించడం, కూలీలను మాట్లాడుకోవడం, నీళ్లు పెట్టడం, ఎరువుల కొట్టు బాకీ తీర్చడం, ధాన్యం తోలించడం అన్నీ నేనే చూసుకుంటాను. చాలా ఏళ్లు డ్వాక్రా గ్రూపుకు లెక్కలు రాశాను. మా అమ్మాయి గ్రూప్-2కు చదివేటప్పుడు నీటి విధానం పాఠాలు నాకు చదివి వినిపించేది. అందులో ఉన్నవి నా మడికి తగిలే సంగతులే కావడంతో, తను చదవడం ఆపేసిన తర్వాత కూడా నేను ఆ నోట్సు పట్టుకుని అడుగుతూ వచ్చాను. తను వెతికి చెబుతూ వచ్చింది.

1992 జనవరిలో ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లో నీటి మీద ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ జూన్‌లో రియోలో జరగబోయే ధరిత్రీ సదస్సుకు ముందు ఏర్పాటు అది. అక్కడ నాలుగు సూత్రాలు ఖాయం చేశారు. మంచినీరు తరిగిపోయే వనరు, తేలిగ్గా పాడైపోతుంది అన్నది మొదటిది. నీటి నిర్వహణలో వాడుకునేవాళ్లు, ప్రణాళికలు వేసేవాళ్లు, విధానాలు చేసేవాళ్లు అందరూ పాలుపంచుకోవాలన్నది రెండోది. నీటిని తెచ్చేది, చూసుకునేది, కాపాడేది ముఖ్యంగా ఆడవాళ్లేనన్నది మూడోది. నీటికి ఆర్థిక విలువ ఉంది, దాన్ని గుర్తించి వాడాలన్నది నాలుగోది. ఇవి ఏ దేశానికీ చట్టం కావు, ఎవరూ సంతకం పెట్టిన ఒప్పందమూ కాదు. అయినా ఆ తర్వాత ఏ దేశం నీటి విధానం రాసినా ఈ నాలుగు మాటలు అటూ ఇటూ తిరిగి అందులోకి వచ్చి చేరాయి. అప్పులిచ్చేవాళ్ల కాగితాల్లోకీ చేరాయి. ప్రపంచ బ్యాంకు 1991లోనే మన దేశ సాగునీటి రంగం మీద సమీక్ష చేసింది. 1993లో తన నీటి విధానాన్ని ప్రకటించింది.

మన దగ్గర దాని ఫలితం 1997లో కనిపించింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగునీటి వ్యవస్థల్ని రైతులే నిర్వహించుకోవాలని చట్టం చేసింది. ఆ జూన్‌లో పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు పెట్టింది. దేశంలో అంతకు ముందు అంత పెద్ద ఎత్తున ఎవరూ చేయలేదు. దాంతో పాటే నీటి తీరువా, అంటే కాలువ నీళ్లకు కట్టే పన్ను, పెంచింది. పెద్ద కాలువల కింద వరి మొదటి పంటకు ఎకరానికి 60 రూపాయలుండేది 200 అయింది. మరుసటి ఏడాది, 1998లో, ఆర్థిక సంస్కరణల పేరుతో ప్రపంచ బ్యాంకు రాష్ట్రానికి 54 కోట్ల డాలర్లకు పైగా అప్పు మంజూరు చేసింది. సాగునీరు అందులో ఒక భాగం. ఈ మూడూ వరసగా ఏడాది రెండేళ్లలో జరిగాయి.

ఇదంతా బయటి నుంచి మన నెత్తిన రుద్దారని నేను అనను. 1987 జాతీయ జల విధానంలోనే నీటి పంపిణీలో, తీరువా వసూలులో రైతుల్ని క్రమంగా భాగస్వాములను చేయాలని ఉంది. కాలువల నిర్వహణ ఖర్చైనా తీరువాతో రావాలని ప్రణాళికా సంఘం వేసిన వైద్యనాథన్ కమిటీ కూడా 1992లో చెప్పింది. కాలువల్లో పూడిక పేరుకుపోయి, షట్టర్లు తుప్పు పట్టి, రిపేర్లకు డబ్బుల్లేక ఉన్న రోజులవి. ఆలోచన మన దగ్గరా ఉంది. దాన్ని అంత తొందరగా, అంత పెద్దగా అమలు చేయించింది మాత్రం అప్పు ఇచ్చినవాళ్లేనని నా అభిప్రాయం.

నీళ్లకు డబ్బు కట్టడం మీద కూడా నాకు కోపం లేదు. సంఘాలు వచ్చిన మొదటి రెండు మూడేళ్లు మాకు మేలే జరిగింది. ఎన్నో ఏళ్లుగా తీయని పూడిక తీశారు. తూటికాడ, గుర్రపుడెక్క లాగించి గట్టున పోశారు. మా తూముకు కొత్త షట్టరు పెట్టారు. అప్పటి అధ్యక్షుడు పై ఊరివాడైనా శివారు మీద కాస్త జాలి ఉన్నవాడు, వంతులు పెట్టి నీళ్లు వదిలించేవాడు. ఆయన పదవీకాలం అయిపోయాక ఆ వంతుల పద్ధతీ పోయింది. 2003లో చట్టం మార్చారు. ఆ తర్వాత కొన్నిసార్లు ఎన్నికలు, కొన్నిసార్లు అసలు పాలకవర్గమే లేకపోవడం, పనులు చేసేది కాంట్రాక్టర్లు, బిల్లులు రాసేది వేరేవాళ్లు. ఈ కథ చాలా ఊళ్లలో ఉన్నదే కాబట్టి దాని మీద ఎక్కువ రాయను.

నేను చెప్పదలచుకున్న సంగతి వేరే. డబ్లిన్ నుంచి వచ్చిన నాలుగు మాటల్లో మనకు చేరినవి రెండు. వాడుకునేవాళ్లు పాలుపంచుకోవాలన్నది సంఘం రూపంలో వచ్చింది, నీటికి విలువ ఉందన్నది తీరువా రూపంలో వచ్చింది. ఆడవాళ్ల గురించిన మూడో సూత్రం మాత్రం కాలువ దిగలేదు. ఆడవాళ్ల పాత్ర ఇంత ఉన్నా నీటి సంస్థల ఏర్పాటులో అది కనపడటం లేదని ఆ సూత్రం కింద వివరణలోనే రాశారు. అది తెలిసీ మన దగ్గర చట్టంలో ఓటును భూమి రికార్డుకు కట్టేశారు.

దీని అర్థం మా ఇంట్లో ఏమిటో చెబుతాను. సంఘం ఓటు మా ఆయనకు ఉంది, నాకు లేదు. రాత్రి పూట తూము దగ్గర కూర్చుని నీళ్లు మా బోదెకు తిప్పుకునేది నేను. ఏ రోజు ఎంత ఎత్తు నీళ్లు వచ్చాయో, పై ఊళ్లో ఎక్కడ అడ్డుకట్ట వేశారో, కాలువ చూసుకునే లస్కర్ ఎప్పుడు వస్తాడో తెలిసింది నాకు. మీటింగుకు పిలుపు ఆయనకు వస్తుంది. ఆయన వెళ్లి రెండు గంటలు కూర్చోలేరు కాబట్టి వెళ్లరు. నేను వెళితే నాది మాట కాదు. ఒకసారి వెళ్లి వెనక నిలబడి అడిగాను కూడా. "మీ ఆయన్ని రమ్మనమ్మా, మాట్లాడదాం" అన్నారు. అన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు, మా బంధువులే. అక్కడ జాబితాలో ఉన్న పేర్లతోనే వాళ్లకు పని.

కౌలు చేసే రెండెకరాల సంగతి ఇంకా అన్యాయం. చట్టంలో కౌలుదారుకు చోటుంది. కానీ రికార్డులో కౌలుదారుగా నమోదై ఉండాలి. మా వైపు కౌళ్లన్నీ నోటి మాట మీదే నడుస్తాయి. 2019లో వచ్చిన చట్టం ప్రకారం కౌలు కార్డు తీసుకోవాలంటే భూమి యజమానితో పదకొండు నెలల ఒప్పందం రాసుకోవాలి. యజమాని సంతకం పెట్టడు, పెట్టమని గట్టిగా అడిగితే మరుసటి ఏడాది భూమి ఇవ్వడు. మా భూమి యజమాని హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. మంచివాడే, కష్టకాలంలో కౌలు తగ్గించాడు కూడా. ఆ రెండెకరాలకు ఓటు మాత్రం ఆయనదే. మా కాలువ గట్టు మీద ఆయన నడిచి ఎన్నాళ్లయిందో నాకు తెలియదు. తీరువా ఎవరు కడుతున్నారంటే, మా ఒప్పందం ప్రకారం నేనే కడుతున్నాను.

అంటే నీటికి డబ్బు కట్టే సూత్రం నాకు వర్తిస్తుంది. నీటి మీద మాట చెప్పే సూత్రం నాకు వర్తించదు. ఒకే సదస్సులో, ఒకే కాగితం మీద రాసిన మాటలివి.

శివారులో ఆ మాట లేకపోవడం అంటే ఏమవుతుందో పై ఆయకట్టువాళ్లకు తెలియకపోవచ్చు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని పేపర్లో ఫొటో వచ్చిన రోజుకూ మా తూములో నీళ్లు ఆడిన రోజుకూ మధ్య చాలా తేడా ఉంటుంది. పైవాళ్లు దమ్ములు చేసి నాట్లు వేస్తుంటారు, మేము ఇంకా నారుమడికి నీళ్లు లేక మురుగు కాలువలో ఇంజన్ పెట్టి తోడుకుంటాం. వర్షాలు పడి మురుగు కాలువ పారుతుంటే ఆ నీళ్లు పనికొస్తాయి. వానలు లేనప్పుడు పోటు నీళ్లు ఎదురెక్కి మురుగు కాలువ ఉప్పవుతుంది. ఆ నీళ్లు పెట్టిన రెండో మూడో రోజుకే 1061 రకం వరి నారు ఆకుల కొసలు తెల్లబడి చుట్టుకుపోతాయి. చేత్తో పట్టుకుంటే కొస పొడిపొడిగా రాలుతుంది. ఇక ఆ నారు నాటినా పిలక వేయదు. మళ్లీ విత్తనాలు కొని, మళ్లీ దున్నించి, మళ్లీ పోయాలి. నాట్లు ఆలస్యమైతే కోత ఆలస్యమవుతుంది. కోత ఆలస్యమైతే వరి చేలో చల్లే మినుముకు అదను తప్పుతుంది. ఒక్క తూము పది రోజులు ఆలస్యంగా పారితే మాకు రెండు పంటల మీద దెబ్బ పడుతుంది. డీజిల్ ఖర్చు అదనం.

పట్టిసీమ వచ్చాక గోదావరి నీళ్లతో ముందుగా నారు పోసుకునే వీలు కలిగిన మాట నిజం, దానికి మేము రుణపడి ఉన్నాం. కానీ బ్యారేజీ దగ్గరకు నీళ్లు రావడం ఒక సమస్య, అక్కడి నుంచి చివరి మడికి రావడం వేరే సమస్య. మొదటిదానికి మోటార్లు కావాలి. రెండోదానికి పైవాడూ కిందివాడూ ఒక చోట కూర్చుని వంతులు ఒప్పుకోవాలి. ఆ కూర్చునే చోట కిందివాళ్ల తరఫున కాలువ తెలిసిన మనిషి ఉండాలి.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. నదిని దేశాలు ఎలా పంచుకోవాలి అన్నదానికి ప్రపంచంలో పద్ధతులున్నాయి. 1966లో అంతర్జాతీయ న్యాయ నిపుణుల సంఘం హెల్సింకి నియమాలు రాసింది. ఎగువవాడిదే నది అనడానికి వీల్లేదు, ప్రతివాడికీ న్యాయమైన, సమంజసమైన వాటా ఉండాలి అన్నది వాటి సారం. 1997లో ఐక్యరాజ్యసమితి అదే విషయం మీద ఒప్పందం తెచ్చినప్పుడు మన దేశం ఓటు వేయకుండా తటస్థంగా ఉంది. వివాదాలు తేల్చే పద్ధతి మీద మనకు అభ్యంతరాలు ఉన్నాయి. అయినా ఆ సూత్రం మన దేశంలోకి వేరే దారిలో వచ్చింది. 2018 ఫిబ్రవరిలో కావేరి కేసులో తీర్పు ఇచ్చేటప్పుడు సుప్రీంకోర్టు హెల్సింకి నియమాలను ప్రస్తావించి, నది ఏ ఒక్క రాష్ట్రం సొత్తూ కాదు అన్న దారిలో నడిచింది. అంతకు చాలా ముందే మన కృష్ణా నీళ్లను పంచిన బచావత్ ట్రిబ్యునల్ కూడా సమన్యాయం అన్న మాట మీదే నడిచింది. నూటికి 75 ఏళ్లు దొరుకుతాయని లెక్క వేసిన 2060 టీఎంసీల్లో ఉమ్మడి ఆంధ్రకు 800 టీఎంసీలు ఇచ్చింది. అప్పటికే పారుతున్న ఆయకట్లకు రక్షణ ఇచ్చింది. కృష్ణా డెల్టాకు ఇవాళ నీటి హక్కు ఉందంటే అందువల్లే.

కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి మనకు రావలసిన వాటా గురించి మాట్లాడేటప్పుడు మన నాయకులందరూ ఈ సూత్రాన్నే పట్టుకుంటారు. దిగువవాళ్ల హక్కు అంటారు. నేనూ అదే అంటాను. మరి అదే కాలువ మీద, అదే మండలంలో, దిగువన ఉన్న మాకు ఆ సూత్రం ఎందుకు రాదు? దేశాల మధ్య ఉన్న న్యాయం రాష్ట్రాల మధ్యకు వచ్చింది, రాష్ట్రాల మధ్య ఉన్నది తూముల మధ్యకు రావాలి కదా. 1997 చట్టంలో నీటిని సమానంగా పంచడం సంఘం పని అని రాసే ఉంది. చదివితే ఎంతో బాగుంటుంది. దాన్ని అమలు చేయించగలిగిన మనిషికి ఓటు లేదు.

ఇక తాగునీళ్లు. మా దివిసీమలో బోరు వేస్తే ఉప్పు నీళ్లు పడతాయి. ఊరి మంచినీళ్ల చెరువును కాలువ నీళ్లతో నింపుకోవాలి. వేసవిలో కాలువ కట్టేసే ముందు చెరువు నిండితే మే నెల గడుస్తుంది. చివరి వారం పైవాళ్లు రెండో పంటకో చేపల చెరువులకో నీళ్లు తిప్పుకుంటే మా చెరువు సగమే నిండుతుంది. మే నెలలో అది ఆకుపచ్చగా మారి వాసన వస్తుంది. వడకట్టి క్లోరిన్ కలిపి కుళాయికి ఇస్తారు, అవి గిన్నెలు తోముకోవడానికి పనికొస్తాయి. తాగడానికి వాటర్ టిన్ను కొనుక్కోవాలి. కూలికి వెళ్లే ఇల్లు కూడా కొనుక్కోవాలి. ఆ డబ్బు ఆడవాళ్ల చేతి ఖర్చులోంచే పోతుంది.

తాగునీరు అన్నిటికంటే ముందు అని 1987 విధానంలో ఉంది, 2002లో ఉంది, 2012లో ఉంది. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి సాధారణ సభ సురక్షితమైన తాగునీటిని, పారిశుద్ధ్యాన్ని మానవ హక్కుగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. 122 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, మన దేశం వాటిలో ఒకటి. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. డబ్లిన్ నాలుగో సూత్రంలో కూడా, నీటికి ఆర్థిక విలువ ఉందన్న మాట కిందనే, అందరికీ భరించగలిగిన ధరకు శుభ్రమైన నీళ్లు అందే ప్రాథమిక హక్కును ముందుగా గుర్తించాలి అని రాసి ఉంది. ఆ సూత్రాన్ని ఉటంకించే అధికారులు, ఆర్థికవేత్తలు మొదటి వాక్యం దగ్గర ఆగిపోతారు. రెండో వాక్యం ముందు చదవాలని నా కోరిక.

ఇలాంటి మాటలు మన సామాన్యులకు పనికిరావు అనుకోనక్కర లేదు. హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల దగ్గర ఒక నూనెల ఫ్యాక్టరీ పెట్టబోతే, ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2000 డిసెంబరు తీర్పులో కోర్టు 1977 నాటి ఐక్యరాజ్యసమితి జల సదస్సు తీర్మానాన్ని ప్రస్తావించింది. ఏ స్థాయిలో ఉన్నవారికైనా కనీస అవసరాలకు సరిపడా తాగునీరు పొందే హక్కుంది అని అందులో ఉంది. ఎక్కడో అర్జెంటీనాలో కూర్చుని రాసిన మాట మన రెండు చెరువులకు అండగా నిలబడింది. కాబట్టి బయటి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ అనుమానించేవాళ్లతో నేను కలవను. మాట ఎక్కడిదైనా, దాన్ని ఎవరి కోసం వాడుతున్నారన్నదే చూడాలి.

దక్షిణాఫ్రికా కూడా అదే కాలంలో అవే సూత్రాలను తీసుకుంది. అక్కడ తెల్లవాళ్ల పాలనలో నీటి హక్కు భూమి హక్కుతో ముడిపడి ఉండేది. భూమి తెల్లవాళ్లది కాబట్టి నీళ్లూ వాళ్లవే. 1996 రాజ్యాంగంలో నీరు పొందే హక్కు రాశారు. 1998 జల చట్టంతో భూమికీ నీటికీ ఉన్న ఆ ముడిని తెంచేశారు. మనుషుల కనీస అవసరాలకు, నది బతకడానికి కావలసిన నీటిని ముందు పక్కన పెట్టి, మిగిలింది పంచాలన్నారు. 2001 నుంచి ఇంటికి నెలకు ఆరువేల లీటర్లు ఉచితంగా ఇచ్చే విధానం తెచ్చారు. అమలులో లోపాలు చాలా ఉన్నాయి, పేటల్లో ముందే డబ్బు కట్టే మీటర్లు పెట్టి జనాన్ని ఏడిపించారు కూడా. అయినా ముడి ఎక్కడుందో వాళ్లు గుర్తించారు. వాళ్లు తెంచిన ఏడాదికి ముందు ఏడాదే మనం సంఘం ఓటును భూమి కాగితానికి కట్టాం.

2015-16 వ్యవసాయ గణాంకాల ప్రకారం దేశంలో ఆడవాళ్లు నడుపుతున్న కమతాలు దాదాపు 14 శాతం. మన రాష్ట్రం ఆ విషయంలో కొంత నయం. కానీ పాసు పుస్తకంలో పేరున్నంత మాత్రాన మీటింగులో మాట దక్కదు. మా పక్క సంఘంలో ఒకప్పుడు కమిటీలో ఒకామె పేరు చేర్చారు. ఆమెను అడిగితే మినిట్స్ పుస్తకం ఇంటికే పంపేవారని, సంతకం పెట్టి పంపేదాన్నని చెప్పింది. ఏ పేజీలో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆడవాళ్లకు తెలియదు అనేవాళ్లకు ఒక మాట. మా ఊళ్లో డ్వాక్రా గ్రూపులు బ్యాంకుల నుంచి లక్షల రూపాయల అప్పులు తెచ్చి, నెల నెలా వాయిదాలు కట్టి, ఎవరు కట్టలేకపోతే ఎందుకు కట్టలేదో ఇంటికి వెళ్లి కనుక్కుని, మళ్లీ నిలబెట్టుకున్న చరిత్ర ఉంది. పొదుపు పుస్తకంలో ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి పదింటి దాకా కూర్చుని తేల్చినవాళ్లం. అలాంటివాళ్లు వంతుల జాబితా రాయలేరా? షట్టరు ఎన్ని మరలు తిప్పారో, ఎన్ని గంటలకు తిప్పారో పుస్తకంలో ఎక్కించలేరా? పూడిక తీసిన కాంట్రాక్టరు ఎంత దూరం తీశాడో నడిచి చూసి చెప్పలేరా? ఆ గట్టు మీద రోజూ నడిచేది మేమే.

ఇప్పుడు 2030 నాటికి చేరాల్సిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలని ప్రభుత్వాలు లెక్కలు పంపుతున్నాయి. ఆరో లక్ష్యం నీటిది. అందులో తాగునీటి కుళాయిల లెక్క ఉంది, నీటి పొదుపు లెక్క ఉంది, నీటి నిర్వహణలో స్థానికుల భాగస్వామ్యాన్ని బలపరచాలన్న మాటా ఉంది. కుళాయిల లెక్క ఫొటోలతో సహా వస్తుంది. జల్‌జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నారు, మా ఇంటికీ కుళాయి వచ్చింది. భాగస్వామ్యం లెక్క ఎవరు పంపుతున్నారు, ఎలా లెక్కిస్తున్నారు? సంఘం ఉంది, ఎన్నిక జరిగింది అని రాస్తే సరిపోతుందా? ఆ సంఘంలో సాగు చేసేవాళ్లు ఎంతమంది, చేయనివాళ్లు ఎంతమంది అని ఒక గడి పెడితే నిజం తెలుస్తుంది.

ప్రభుత్వం మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. సాగు చేసేది ఎవరో ప్రభుత్వానికి ఇప్పుడు బాగా తెలుసు. ప్రతి సీజన్‌లో రైతు సేవా కేంద్రం నుంచి పొలానికి వచ్చి ఈ-క్రాప్‌లో ఎక్కిస్తున్నారు. ఏ సర్వే నంబరులో ఏ పంట, ఎవరు వేశారు అన్నది నమోదవుతోంది, వేలిముద్ర కూడా తీసుకుంటున్నారు. ధాన్యం అమ్ముకోవడానికి, పంట నష్టం రాయించుకోవడానికి ఆ పేరే చూస్తున్నారు. కౌలు చేసే నా రెండెకరాలకు ఈ-క్రాప్‌లో నా పేరే ఉంది. పంట కొనడానికి నేను రైతునైతే, నీళ్లు పంచుకోవడానికి ఎందుకు కాను? సంఘం సభ్యుల జాబితా తయారు చేసేటప్పుడు పాసు పుస్తకాల జాబితాతో పాటు ఈ-క్రాప్ జాబితా కూడా పక్కన పెట్టుకోవాలి. భూమి యజమాని హక్కుకు దీంతో వచ్చే ముప్పేమీ లేదు. ఇది భూమి మీద హక్కు కాదు, ఆ సీజను నీళ్ల మీద మాట మాత్రమే అని స్పష్టంగా రాయవచ్చు. అప్పుడు యజమానులూ భయపడరు. దంపతుల్లో ఎవరు మడి చేస్తుంటే వాళ్లు సభ్యులు కావచ్చని చెబితే మా ఇంటి లాంటి ఇళ్లకు తోవ దొరుకుతుంది.

దాంతో పాటు శివారు తూముల పరిధిలో ఉన్నవాళ్లకు కమిటీలో తప్పనిసరిగా చోటుండాలి. నీళ్లు వదిలే ముందు వంతుల పట్టిక మా ఊళ్లో, పై ఊళ్లో ఒకే రోజు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. వసూలైన తీరువాలో సంఘానికి తిరిగి ఎంత వచ్చింది, దేనికి ఖర్చు పెట్టారు అన్నది కూడా అక్కడే రాయాలి. కాలువ కట్టేసే ముందు తాగునీటి చెరువులు నిండాయని ఊరి ఆడవాళ్లు ఇద్దరు సంతకం పెట్టాకే కట్టేయాలి. ఈ చివరిది మా డ్వాక్రా సమాఖ్యలో మాట్లాడుకుని అందరం ఒప్పుకున్న కోరిక. మండలంలోని ఇరిగేషన్ ఆఫీసుకు అర్జీగా రాసి ఇచ్చాం, రసీదు తీసుకున్నాం.

జలవనరుల శాఖ పెద్దలు, మా ప్రజాప్రతినిధులు ఈ ఉత్తరం చదివితే ఒక్కటి చేయమని కోరుతున్నాను. ఈసారి ఏదైనా ఒక శివారు సంఘం సభ్యుల జాబితా తెప్పించుకుని, అదే ఊరి ఈ-క్రాప్ జాబితా పక్కన పెట్టి, రెండింట్లో ఎన్ని పేర్లు కలుస్తున్నాయో చూడండి. మా సంఘంతోనే మొదలుపెట్టినా మాకు అభ్యంతరం లేదు. లెక్క చూసేవాళ్లకు కాలువ చూపించడానికి నేనూ మా గ్రూపు ఆడవాళ్లూ వస్తాం.

ఇట్లు,
ఒక మహిళా రైతు,
నాగాయలంక మండలం, కృష్ణా జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)